గుర్రపు ముద్ర తాళం

అత్‌బాషి సంతలో ఒక ఇనుప డబ్బా కొట్టులో కెంజెతాయ్ ఫోన్లు బాగుచేస్తాడు. పాత రేడియోలు విప్పి, పాడుచేసి, మళ్లీ బిగించి పని నేర్చుకున్నాడు. ఎవరైనా వేరేవాళ్ల ఫోను తెచ్చి తాళం తీయమంటే వెనక్కి పంపిస్తాడు.

"చేతకాదని చెప్పొచ్చుగా," అంటాడు పక్కన జీనులు కుట్టే బొలోత్.

"అలాగే అనుకో," అంటాడు కెంజెతాయ్, తల ఎత్తకుండా.

ఆ ఏడు చలి మొదలయ్యాక గుర్రాల కాపరి జూమగాజీ భార్య సోనున్ చనిపోయిన భర్త ఫోను తెచ్చింది. తన ఏడు తరాల తాతల పేర్లు మనవడి కోసం ఆయన అందులో రికార్డు చేసి పెట్టాడు. ఆ ఇంట్లో వాటిని చెప్పే మగవాళ్లు ఇంకెవరూ మిగల్లేదు. సోనున్‌కు ఆ పేర్లన్నీ తెలుసు. కానీ మా దగ్గర కోడలు అత్తింటి పెద్దల పేర్లు పలకదు, రాయదు.

"తాళం తీసే గీత తెలుసా అక్కా?"

"మా గుర్రాలకు వేసే ముద్రేనయ్యా. ఎన్నిసార్లు గీసినా తెరుచుకోదే."

"ఇక ముట్టుకోకు. ఇంకా తప్పితే మొత్తం చెరిగిపోతుంది."

"చెరిపేసి కొత్తదానిలా చేసి ఇచ్చెయ్యరాదూ?" అన్నాడు బొలోత్.

"ఫోను కోసం వచ్చిందా ఆమె? నీ జీను నువ్వు కుట్టుకో."

కెంజెతాయ్ ఆమె చేత ముద్రను అట్టముక్క మీద గీయించి చాలాసేపు చూశాడు.

"ఇది నిలబడ్డ గుర్రం మీద కనిపించే ముద్ర. ఇనుము కాల్చి గీసేటప్పుడు బావ ఎటువైపు ఉండేవాడు?"

"పడుకోబెట్టిన గుర్రం వెన్ను వైపు, మోకాళ్ల మీద. తల నేను పట్టుకునేదాన్ని."

"బావ చేతికి అటు నుంచి గీయడమే అలవాటు. నువ్వూ అలాగే కూర్చో. ఫోను మీద కాదు, ముందు దీని మీద గీయి," అని పిండి బస్తా ఒకటి నేల మీద వాల్చాడు.

సోనున్ మోకాళ్ల మీద కూర్చుంది. కళ్లు మూసుకుంది. వేలు వెన్ను వైపు నుంచి కదిలింది. ముద్ర తలకిందులుగా పడింది. మళ్లీ గీయమన్నాడు. అదే పడింది. అప్పుడు ఫోను చేతికిచ్చాడు.

తెరుచుకుంది.

కెంజెతాయ్ ఆ రికార్డు పెట్టాడు. ఫోనులో జూమగాజీ గొంతు సవరించుకుని తండ్రి పేరుతో మొదలుపెట్టాడు. సోనున్ లేచి, తలగుడ్డ నుదుటి మీదికి లాక్కుని, కొత్త కోడలిలా ఒక్కో పేరుకూ వంగి దండం పెట్టింది. బొలోత్ సూది పక్కన పెట్టి నిలబడ్డాడు.

పేర్లు అయిపోయాయి. "ఏమేవ్, దీన్ని ఆపడం ఎలాగే?" అంది ఆ గొంతు.

సోనున్ చెయ్యి ముందుకు చాపింది. కానీ ఫోను ముట్టుకోలేదు.