కప్పతల్లి చివరి చరణం

మా మనవరాలి బడిలో సంబరాలన్నీ వేరుశనగ పీకే కాలంలోనే వచ్చేవి. దసరా సెలవులకు ముందు ఆటల పోటీలు, సెలవులయ్యాక బొమ్మలు గీయడం, దీపావళికి ముగ్గులు, నవంబరులో పిల్లల దినోత్సవం. ఊరంతా నడుము వంచి పనిచేసే నెలల్లో వీళ్ళు రంగు కాగితాలు కత్తిరిస్తూ కూర్చునేవాళ్ళు. ఆ క్యాలెండరు తయారుచేసినవాడు జన్మలో ఒక్క వేరుశనగ చెట్టు పీకి ఎరగడని నేను అప్పుడే చెప్పాను. ఎవరూ వినలేదు. నా మాట వినకపోవడం మా ఇంట్లో పాత అలవాటు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో సంగతి ఇది. మా ఊరి పిల్లలు ఆటోలో పామిడికి పోయి ఇంగ్లీషు మీడియం చదివేవాళ్ళు. మా పాప అప్పుడు అయిదో తరగతి. అంతకుముందు ఏ నాటకం వేసినా దానికి చెట్టు వేషమే. ఒక ఏడు చెట్టు, మరుసటి ఏడు ఆ చెట్టు పక్కన ఇంకో చెట్టు. పొడుగ్గా ఉన్న పిల్లకు ఆకులు కట్టి ఒక మూల నిలబెడితే టీచర్లకు పని తీరిపోయేది. నోరు తెరిచే భాగ్యం దానికి ఎన్నడూ దక్కలేదు.

ఆ ఏడు బడికి కొత్త హెడ్మాస్టరు వచ్చాడు. గోదావరి వైపు మనిషి. పిల్లల దినోత్సవానికి మన జానపద కళలు చూపించాలని పట్టుబట్టి, కప్పతల్లి ఆటను ఎంచుకున్నాడు. వానలు మొహం చాటేస్తే మా వైపు పిల్లలు రోకలికి వేపమండలు కట్టి, మధ్యలో కప్పను కూర్చోబెట్టి, భుజాన మోసుకుంటూ ఇల్లిల్లూ తిరుగుతారు. ఇంటి ఆడవాళ్ళు కప్ప మీద చెంబెడు నీళ్ళు పోస్తారు. పిల్లలు వానను పిలుస్తూ పాడతారు. నాటకంలో పాటంతా గుంపుగా పాడాలి. వానను పేరు పెట్టి రమ్మని పిలిచే చివరి చరణం మాత్రం ఒక్కరే పాడాలి.

పాప ఆటో దిగి పరిగెత్తుకొచ్చింది. "జేజినాయనా! ఆఖరి చరణం నేనొక్కదాన్నే పాడేది! మైకులో!"

మా ఆవిడ పొయ్యి దగ్గర్నుంచే అడిగింది, "చెట్టు యేషం కాదా ఈసారి?"

"కాదు జేజీ! మనిషి యేషం!"

ఇక కప్ప కావాలి. టీచరమ్మ అంగడిలో ప్లాస్టిక్ కప్పను కొనమని చెప్పి పంపింది. నాకు ఒళ్ళు మండింది. నేను బడి గడప తొక్కినవాణ్ణి కాను. అంగడి పొట్లాల కాగితాలు విప్పి చదివి అక్షరం నేర్చుకున్నవాణ్ణి. అయినా ప్లాస్టిక్ కప్పను చూసి ప్లాస్టిక్ వాన కూడా రాదన్న మాట నాకు తెలుసు. నిజమైన కప్పనే తెస్తానని పాపకు మాటిచ్చాను.

దసరా సెలవుల్లో కప్ప కోసం పెన్నకు పోయాం. ఊళ్ళో ట్రాక్టరు పామిడికి పోతుంటే నేను, మా ఆవిడ, కొడుకు, కోడలు, పాప అందరం ఎక్కాం. చిత్రాన్నం, ఓళిగలు కట్టుకున్నాం. ఏటికి పోతున్నామని కోడలు మార్చుకోవడానికి బట్టలు కూడా పెట్టుకుంది. ఏట్లో ఇసుక ఉంది. కనుచూపు మేరా ఇసుకే. పాప అందులో పొర్లింది, కోడలు బట్టల మూట తలకింద పెట్టుకుంది, కొడుకు వంతెన నీడలో గురక పెట్టాడు. నేను మోచేతుల దాకా ఇసుక తవ్వి చెలమ తీశాను. నీళ్ళు ఊరాయి. కప్ప మాత్రం కనబడలేదు.

"కప్పకు బుద్ధుంటే ఈడ ఉంటాదా?" అంది మా ఆవిడ ఓళిగ తుంచుకుంటూ. "మనకు లేదు గాబట్టి మనమొస్తిమి."

దీపావళికి కణేకల్ పోయాం. మా కూతుర్ని ఇచ్చింది అక్కడే. కాలువ నీళ్ళు, వరి మళ్ళు. వంటింట్లోకి కూడా కప్పలు చుట్టాల్లాగా వచ్చిపోతుంటాయి. నేను వచ్చిన పని చెప్పేసరికి మా వియ్యపురాలు చీరకొంగు నోట్లో కుక్కుకుంది.

"ఏమన్నా, పండక్కి వచ్చినోళ్ళు కోడికూర అడుగుతారు, గుడ్డలు అడుగుతారు. కప్పనడిగిన వియ్యంకుణ్ణి నిన్నే చూస్తాండా. మీ ఊర్లో కప్పలు గూడా బతకలేవా?"

"బతుకుతాయమ్మా. మావి మర్యాద తెలిసిన కప్పలు. పిలవకుంటే బయటికి రావు," అన్నాను.

ఆమె స్వయంగా బానల వెనక చెయ్యి పెట్టి ఒక బలిసిన కప్పను పట్టి, బిందెలో వేసి, మూతికి గుడ్డ కట్టి ఇచ్చింది. వియ్యాలవారి సారె అని ఊరంతా చెప్పుకుని నవ్వింది కూడా.

తిరుగు బస్సులో కండక్టరు బిందె మీద చెయ్యేశాడు. "ఏముండాదప్పా దీంట్లో?"

"కప్ప."

"దానికి టికెట్ తీసుకుంటివా?"

బస్సంతా నవ్వింది. పాప బిందెను ఒళ్ళోకి లాక్కుని ఊరొచ్చేదాకా వదల్లేదు. కప్ప బెదురుతుందని మిగిలిన టపాకాయలు కూడా కాల్చలేదు. మా ఆవిడ, వీధి కొళాయికి నీళ్ళొచ్చేదే అరుదైతే దాంట్లో కప్పకొక వాటానా అని తిడుతూనే పెరట్లో కప్పను వదిలిన తొట్టి తడిపేది. పాప పెరట్లో నిలబడి పొద్దూ మాపూ చివరి చరణం ఆ కప్పకు పాడి వినిపించేది.

ఇంతలో వేరుశనగ పీకడం మొదలైంది. ఆ ఏడు వాన ఆలస్యం, విత్తనం ఆలస్యం, కోత కూడా ఆలస్యమే. పీకిన చెట్టును మేం కట్టె అంటాం. కాయతో సహా చేన్లోనే ఆరబెడతాం. అది ఆరేలోగా వాన పడితే కాయ మొలకెత్తుతుంది, కట్టె నల్లబడి ఎద్దు కూడా మూతి తిప్పుకుంటుంది. ఏడాదంతా వాన కోసం ఏడ్చే మా వైపు, వాన రాకూడదని దండం పెట్టుకునేది ఆ నాలుగు రోజులే. సరిగ్గా ఆ నాలుగు రోజుల్లో పిల్లల దినోత్సవం పడింది. దానికి తోడు మబ్బు పట్టింది. బంగాళాఖాతంలో అల్పపీడనమని రేడియో చెప్పింది.

నాటకం సంగతి టీకొట్టు దగ్గర పొక్కింది. రైతులు గుంపు కట్టి బడికి పోయారు. గుంపుకు ముందు నడిచింది ఎవరనుకున్నారు? నా కొడుకు. నేనూ వెనకాలే పోయాను.

"సార్, కట్టె అంతా చేన్లో ఉండాది. మీరు ఈడ స్టేజీ ఎక్కి మైకులో వానను పిలుస్తారా?" అన్నాడు నా కొడుకు.

హెడ్మాస్టరు బిత్తరపోయాడు. "అయ్యా, ఇది వట్టి నాటకమండీ. మా ఊళ్ళో ఎవరూ పిలవకపోయినా వాన పడుతూనే ఉంటుంది."

"మీ పక్క పడతాది సార్," అన్నాడు వెనకనుంచి ఒకాయన. "మాది పిలిచినప్పుడు రాదు. వద్దన్నప్పుడు వస్తాది. దానికి మైకు గూడా పెడితే ఇంగ చెప్పేదేముండాది?"

నేను ఉండబట్టలేకపోయాను. "ఏమిరా, వాన మైకు విని వస్తాదా? గాలిని బట్టి వస్తాది. రేడియోలో చెప్పలా?"

"నువ్వు ఊరుకో నాయనా," అన్నాడు నా కొడుకు. "నీకు చదువు ఎక్కువైంది."

బడి మొహం చూడనివాణ్ణి పట్టుకుని, సొంత కొడుకు, నలుగురిలో అన్న మాట అది. నేను మరిచిపోలేదు.

చివరికి పంచాయితీ తేలింది. నాటకం వేయొచ్చు. కప్ప ఉండొచ్చు. కానీ చెంబుల్లో నీళ్ళుండకూడదు, చివరి చరణం పాడకూడదు. వానకు దారి చూపొచ్చు గానీ రమ్మనకూడదన్నమాట. ఇంత పెద్ద తెలివి ఏ కోర్టులోనూ నేను వినలేదు.

పాప ఆ సాయంత్రం అన్నం ముట్టలేదు. తొట్టి పక్కన కూర్చుని అడిగింది, "మళ్ళా చెట్టే అయితిని గదా జేజినాయనా?"

"కావు. పాడతావు. నేనుండా," అన్నాను.

మర్నాడు పోయి హెడ్మాస్టరుకు గట్టిగా చెప్పాను, నా మనవరాలు పాడి తీరుతుందని. ఆయన తల ఊపాడు. రైతుల ముందు కూడా ఆయన అట్లాగే తల ఊపాడని నాకు తర్వాత తెలిసింది.

ఆ రోజు మబ్బు షామియానా మీదికి వంగి ఉంది. నాటకం మొదలవకముందే ఒక రైతు స్టేజీ ఎక్కి చెంబులన్నీ బోర్లించి చూశాడు. ఆడపిల్లలు ఖాళీ చెంబులు వంచారు. కప్ప తల పైకెత్తి, పడని నీళ్ళ కోసం చూసింది. గుంపు పాట అయిపోయింది. పాప మైకు దగ్గరికి వచ్చి నిలబడింది. మైకు సెట్టు అతనికీ చేను ఉంది, అందులో కట్టె ఉంది. వాడు వైరు పీకేశాడు. పాపకు అది తెలియదు. నోరు తెరిచి మొదటి మాట అందుకుంది.

నా కొడుకు కుర్చీలోంచి లేచాడు. "వద్దమ్మా! కట్టె అంతా చేన్లోనే ఉండాది!"

నేనూ లేచాను. "పాడమ్మా! నువ్వు పాడు!"

"నాయనా, కూర్చో నువ్వు!"

"నువ్వు కూర్చోరా!"

జనం నాటకం వదిలేసి మమ్మల్ని చూడసాగారు. పాప వాళ్ళ నాయన్ని చూసింది, నన్ను చూసింది, షామియానా సందులోంచి మబ్బును చూసింది. నోరు మూసుకుంది. వేపమండల్లోంచి కప్పను తీసుకుని స్టేజీ దిగిపోయింది.

సాయంత్రానికి మబ్బు విచ్చిపోయింది. ఊళ్ళో ఒకటే సంబరం. పాప నోరు మూసింది, మబ్బు ముడుచుకుంది అన్నారు. అల్పపీడనం తమిళనాడు వైపు తిరిగిందని రేడియో చెప్పిన వార్త నేను వినిపించాను.

"అదే గదా నాయనా," అన్నాడు నా కొడుకు. "పాప ఆపినాక తిరిగింది."

కట్టె ఇల్లు చేరేదాకా పాప వాళ్ళ నాయనతో మాట్లాడలేదు. కప్పను మళ్ళీ కణేకల్‌కే పంపించాం. మా ఊళ్ళో వదిలితే దాని ఉసురు తగులుతుందని మా ఆవిడ భయం.

మరుసటి ఏడు విత్తనం మొలిచి బారెడు పొద్దెక్కకముందే వాడిపోతోంది. వాన లేదు. అప్పుడు మా అరుగు మీదికి వచ్చారు వాళ్ళంతా. చెంబులు బోర్లించినవాడు, వైరు పీకినవాడు, అందరూ. పెద్దాయనొకడు పాప ముందు గొంతు తగ్గించి అన్నాడు, "పోయినేడు నువ్వు ఆపిన పాట ఆడికే నిలిచిపోయిందమ్మా. దాంతో వాన గూడా ఆడే నిలిచిపోయింది. ఆ మిగిలిన రోంత నువ్వే పూర్తి చేయల్ల."

నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. లేచి అందర్నీ దిగగొట్టేవాణ్ణే. పాప నా పంచె పట్టుకుని లాగింది.

"మైకు ఉంటాదా?" అని వాళ్ళనడిగింది.

"ఉంటాదమ్మా."

"వైరు పీకరు గదా?"

మైకు సెట్టు అతను కాలి బొటనవేలితో నేల గీశాడు.

"వైరు కాడ మా జేజినాయన కూర్చుంటాడు," అంది పాప.

నా కొడుకే సైకిలేసుకుని బస్టాండుకు పోయి, రెండు బస్సులు మారి కణేకల్ చేరి, మా వియ్యపురాలి ఎకసెక్కాలన్నీ తలవంచుకుని విని, బిందెతో తిరిగొచ్చాడు. నేను మైకు పెట్టె పక్కన కుర్చీ వేసుకుని వైరు మీద కాలు పెట్టి కూర్చున్నాను. నా కొడుకు కొళాయి నీళ్ళు నిండు బిందె తెచ్చి కప్ప మీద గుమ్మరించాడు. పాప చివరి చరణం మొదలుపెట్టింది. మొదటి మాట నుంచి చివరి మాట దాకా, ఊరి చివరి చేను దాకా వినబడేట్టు పాడింది.

ఈ సంగతి ఎక్కడ చెప్పినా జనం అడిగేది ఒకటే. వాన పడిందా అని. ఎట్లా పాడింది అని ఇంతవరకూ ఒక్కరూ అడగలేదు.

బాగా పాడింది.