ఓబులమ్మక్క ఊడ్చిన వాకిలి

ఆ సోమవారం పొద్దున ఫోన్ తెరవగానే మా సినిమా గ్రూపులో నర్సు మేరీ పెట్టిన మెసేజ్ కనిపించింది. "ఓబులమ్మక్క ఇక లేరండి." కోపం నషాళానికెక్కింది. "ఇలాంటి జోకులేస్తే గ్రూపులోంచి తీసేస్తా" అని కొట్టాను. జవాబుగా వాయిస్ మెసేజ్ వచ్చింది. అందులో మేరీ ఏడుపు తప్ప మాటలు లేవు. ఇక్కడ గల్ఫ్‌లో, దజీజ్‌లో నేను పనిచేసే గోడౌన్ మెట్ల మీద అలాగే కూలబడిపోయాను.

అక్కది రాయచోటి దగ్గర పల్లె. ఇక్కడ రుమైథియాలో ఒకే ఇంట్లో ముప్పై ఏళ్లకు పైగా వంట చేసింది. ఆమెలోని మహానటిని మాకు చూపించింది ఒక ఆఫ్రికన్ నవల. యుద్ధం ఆగాక ఊరికి తిరిగొచ్చిన తల్లి, పాడుబడ్డ ఇంటిని మళ్లీ నిలబెట్టుకునే కథ. ఫోన్లోనే చదివి, రాసినావిడ అనుమతి తీసుకుని, ఫోన్‌తోనే సినిమా మొదలుపెట్టాను. తల్లి పాత్ర అక్కది.

మాకు సెలవు శుక్రవారాలే. మొదటి శుక్రవారమే గొడవ. తల్లి గడప దగ్గర కూర్చుని ఏడవాలని రాశాను.

"నేనేడ్సను నాయనా. ముందు కసువు ఊడ్సాల."

"డైరెక్టర్ నువ్వా, నేనా?" అని అరిచాను.

"నువ్వే. యుద్ధం సూసిండేది మాత్రం నేను."

ఇరాక్ సైన్యం వచ్చినప్పుడు ఊరికి పారిపోయి, అది పోయాక అదే ఇంటికి తిరిగొచ్చిన మనిషి. యజమానురాలిని 'మామా' అనేది. "నూనె బావులు కాలతాండె. మిట్టమద్యాన్నం లైట్లేసుకుంటిమి. మా మామా గడపలో నిలబడి ఏడుస్తాంటే, నేను చీపురు దెచ్చి మసి ఊడిస్తి. రోంతసేపటికి ఆయమ్మ గూడా ఇంకో చీపురు దెచ్చె. ఏడుపు యాడికి పోతాది నాయనా?"

తల్లి చేతికి చీపురిచ్చి సీను తిరగరాశాను.

తర్వాతి షూటింగ్ వఫ్రాలో, ఒక తోటలోని పాత ఇంటి ముందు. "వాకిట్లో కసువు బాగా ఉండాల" అని అక్క ముందే చెప్పింది. విజయవాడలో పెరిగిన నాకు ఆ మాటకు సరిగ్గా అర్థం తెలియదు. ఫోన్లో నిఘంటువు చూస్తే 'గడ్డి' అని ఉంది. గొర్రెల కాపర్లను బతిమాలి రెండు మోపుల పచ్చగడ్డి పరిచాను. అక్క చీపురు పట్టుకుని వచ్చి ఆగిపోయింది.

"ఇదేందిది? నేను ఊడ్సాల్నా, మేయాల్నా?"

అందరూ పడీ పడీ నవ్వారు. నా ముఖం మాడిపోయింది. "ఇందులో అలాగే ఉంది!" అని ఫోన్ చూపించాను.

"కసువంటే సెత్త నాయనా. ఫోన్లో ఉండేది ఫోన్నడుగు, ఇంట్లో ఉండేది నన్నడుగు."

సినిమాలో చివరి సీను మిగిలిపోయింది. తల్లి వాకిలి ఊడుస్తుంటే, యుద్ధంలో తప్పిపోయిన కూతురు తిరిగి రావాలి. అక్క లేకుండా ఆ సీను ఎలా తీస్తాం? "సినిమా ఖలాస్" అని గ్రూపులో పెట్టేశాను. కూతురు వేషం మేరీది. వెంటనే ఫోన్ చేసింది.

"ఖలాసని చెప్పడానికి మీరెవరండీ? ఆవిడ సగం వాకిలి ఊడ్చి వెళ్లారు. మిగతా సగం నేనూడుస్తాను. మీరు తీస్తారా, తీయరా?"

నన్ను నిలదీసే హక్కు అక్కకొక్కదానికే ఉందనుకున్నాను. మేరీకీ ఉందని ఆ రోజు తెలిసింది.

మొన్న శుక్రవారం వఫ్రా వెళ్లాం. ఇప్పుడు కథలో కూతురు వచ్చేసరికి తల్లి లేదు. గోడకు ఆనించిన చీపురు ఉంది. మేరీ కాసేపు దాన్ని చూసింది. ఏడవలేదు. అది తీసుకుని, వంగి, ఊడ్వడం మొదలుపెట్టింది. వాకిలి మొత్తం శుభ్రమయ్యేదాకా నేను కట్ చెప్పలేదు. అదంతా సినిమాలో అలాగే ఉంచేస్తాను.

నీలాంటి మనిషి మాకు మళ్లీ దొరకదక్కా. కానీ సినిమా తీయడం పూర్తయింది. ఆ రోజు వాకిట్లో ఎండుటాకులు, పేలికలు, బూడిద నా చేత్తోనే పరిచాను. ఈసారి ఫోన్నడగలేదు.