జేబులో ఫ్యూజు

మా పీచు మిల్లు మేస్త్రిగారు మొన్న మంగళవారం పోయారు. కబురు ఫోన్‌లోనే వచ్చింది. ఫోన్ మోగితే నాకు ఇప్పటికీ గుండె గుభేలుమంటుంది. ఎందుకో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

మలికిపురం దగ్గరున్న ఆ మిల్లు నాన్నగారి తరవాత నా చేతికొచ్చింది. కొబ్బరి డొక్కల్ని పీచు చేసే, మోటారుతో తిరిగే ఇనప పళ్ళ డ్రమ్మును మేస్త్రిగారే చూసుకునేవారు. పీచు చుట్టుకుపోతే, అందులో చెయ్యి పెట్టేముందు స్విచ్‌బోర్డు నుంచి మూడు పింగాణీ ఫ్యూజులూ ఊడదీసి చొక్కా జేబులో వేసుకునేవారు. ఎంత తొందరున్నా అంతే. "ఇవి నా జేబులో ఉన్నంతసేపూ ప్రాణం నాదేనండి, అమ్మాయిగారూ" అనేవారు. ఆ బరువుకి ఆయన చొక్కాల జేబులన్నీ జారిపోయి ఉండేవి. పనివాళ్ళు వెక్కిరిస్తే నవ్వేసి ఊరుకునేవారు.

సెల్‌ఫోన్లు అందరి చేతుల్లోకీ వచ్చిన కొత్తల్లో, ఫోన్‌తో నడిచే పెట్టె ఒకటి పెట్టించాను. మోటారు ఆగితే అమలాపురంలో ఉన్న నాకు మెసేజ్ వస్తుంది. నేను ఆ పెట్టెకి ఫోన్ చేస్తే మోటారు మళ్ళీ తిరుగుతుంది. కరెంటు ఊరికే పోయి వస్తుండే రోజులు. చుట్టుపక్కల మిల్లులవాళ్ళు అప్పటికే పెట్టించేశారు. పాత బోర్డు తీయించేశాను. కొత్తదాని ఫ్యూజులు పెట్టె లోపలే, దానికి తాళం, తాళంచెవి నా దగ్గర.

మేస్త్రిగారు దాన్ని అటూ ఇటూ తిరిగి చూశారు. "మరి ఫ్యూజులు ఎలా తియ్యాలండీ?"

"తియ్యక్కర్లేదండి మేస్త్రిగారూ. బటన్ నొక్కితే ఆగిపోతుంది."

"ఆయ్. ఆగుద్దండి. ఆగే ఉంటదాండీ?"

నేను నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

నెల తిరక్కుండానే ఒక మధ్యాహ్నం, మోటారు ఆగిందని మెసేజ్. కరెంటు పోయి వచ్చిందనుకున్నాను. అన్నం ముందు కూర్చుని, ఎడంచేత్తో ఫోన్ చేశాను. మోటారు ఆపింది ఆయనే. డ్రమ్ములో చెయ్యి పెట్టి పీచు లాగుతున్నారు.

కుడిచెయ్యి మణికట్టు దాకా పోయింది. ఆసుపత్రిలో అందరి ముందూ "బటన్ సరిగ్గా నొక్కలేదండి, తప్పు నాదే" అన్నారు. అబద్ధం. నన్ను కాపాడ్డానికి ఆడిన అబద్ధం. నేను తల దించుకుని ఊరుకున్నాను. ఆయన బతికున్నన్నాళ్ళూ ఊరుకున్నాను. ఆయన చెయ్యి తీసింది నేను. ఇప్పుడు చెబుతున్నాను, వినవలసిన మనిషి లేరు.

ఆ పెట్టె పీకించి పాత బోర్డు పెట్టిస్తుంటే ఒక ఫ్యూజు కనబడలేదు. ఎంత వెతికినా దొరక్క కొత్తది కొన్నాం. గాయం మానాక మేస్త్రిగారు మళ్ళీ వచ్చేవారు. స్టూలు మీద కూర్చుని, మోటారు చప్పుడు విని ఎక్కడ గ్రీజు తగ్గిందో చెప్పేవారు. నేనిచ్చిన టీ ఎడంచేత్తో అందుకుంటుంటే చూడలేకపోయేదాన్ని.

మంగళవారం వాళ్ళింటికి వెళ్తే ఆయన భార్య నా చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళింది. "రోజూ పొద్దున్నే జేబులో ఏసుకునేవోరమ్మా. ఇంకా ఎందుకండీ ఇది అంటే ఇనేవోరు కాదు" అంది.

చిలక్కొయ్యకి ఆయన చొక్కా తగిలించి ఉంది. జేబు కిందికి జారి, పింగాణీ అంచు తెల్లగా పైకి కనబడుతోంది.