తపసుమాను కింద ఆరిపోయిన చీరలు

పోయిన ఎండాకాలంలో నా భార్య చనిపోయింది. పిల్లలు లేని మాకు ఏటా ఒకటే ప్రయాణం. చిత్తూరు వైపు పల్లెల్లో భారతం ఉత్సవాలు జరిగేటప్పుడు, అందులో అర్జున తపస్సు ఆడే రోజుకు వెళ్లేవాళ్లం. ఈసారి ఆ రోజు ఇంట్లో కూర్చోలేక ఒక్కణ్ణే బయలుదేరాను.

తిరుపతిలో తెల్లవారుజామున బస్సెక్కితే చంద్రగిరి మీదుగా రెండు గంటల్లో చిత్తూరు. టికెట్టు నాలుగు రూపాయల చిల్లర. కండక్టరు నవ్వాడు. “భారతానికా తాతా? ఈ వయసులో నీకేం వరం కావాలబ్బా?” “నీ నోరు మూయించే వరం” అన్నాను. బస్సంతా నవ్వింది. చిత్తూరు నుంచి జట్కా, ఆపైన కొంత నడక.

ఊరి బయట తాటిచెట్టంత తపసుమాను పాతారు. అర్జునుడి వేషగాడు పద్యాలు పాడుతూ దాన్ని ఎక్కి, పైనుంచి నిమ్మకాయలు, పూలు విసురుతాడు. బిడ్డలు కావాలనుకునే ఆడవాళ్లు పచ్చినీళ్లు ముట్టకుండా, తడిచీరలతో మాను చుట్టూ పడుకుని ఉంటారు. దాన్నే వరపడడం అంటారు. పైనుంచి పడింది కొంగున పట్టుకుంటే కడుపు పండుతుందని నమ్మకం.

పొద్దున్నే మొదలు కావాల్సింది మధ్యాహ్నమైనా కాలేదు. ఉత్సవ కమిటీవాళ్లు ఎవరో నాయకుణ్ణి పిలిచారట. ఆయన కోసం మట్టల పందిరి, కుర్చీలు. నేలమీదున్న ఆడవాళ్ల చీరలు ఎప్పుడో ఆరిపోయాయి. నా ముందున్న అమ్మాయి కళ్లు తేలేస్తోంది. బిందె తెచ్చి నీళ్లు చల్లాను. “ఒక గుక్క తాగు తల్లీ.”

“వద్దు తాతా. మూడేండ్లుగా వస్తా ఉండా. తాగితే అంతా పోతాది.”

పందిట్లో కూర్చున్న కమిటీ ప్రెసిడెంటు దగ్గరికి వెళ్లాను. “ఏమప్పా, మొదలు పెట్టించు.”

“పెద్దాయన పాకాల దాటినాడంట. రోంతసేపు ఓర్చుకో.”

“ఓర్చుకునేది నువ్వు కాదు గదా! నీకు నీడ ఉండాది.”

“నీకూ ఒక కుర్చీ ఏపిస్తా, కూర్చో.”

వేషగాణ్ణి ఎక్కమన్నాను. ముఖాన రంగు కారిపోతోంది. “కమిటీ చెప్పకుండా ఎక్కితే రేపు నన్ను ఏ ఊరోళ్లు పిలుస్తారబ్బా?” అన్నాడు. అదీ నిజమే.

నేను జీవితమంతా పందిళ్లు వేసినవాణ్ణి. నా అంత గట్టిగా ముడి వేసేవాడు తిరుపతిలో లేడు. వెనక్కి వెళ్లి వాళ్ల ముడులు విప్పి వాసం లాగాను. మట్టలన్నీ వెనక్కి జారిపోయాయి. ఎవరికీ దెబ్బ తగల్లేదు. విప్పడం కూడా తెలిసినవాణ్ణే.

“ముసలోడా, పిచ్చి పట్టిందా నీకు?” ప్రెసిడెంటు అరిచాడు.

“సూడు ఎండ ఎట్లుండాదో. ఆయన వచ్చేదాకా ఈడే కూర్చో.”

కాసేపు కూడా కూర్చోలేదు. తువ్వాలు నెత్తిన వేసుకుని లేచి, “ఎక్కప్పా, ఇంకా సూస్తా ఉండావే!” అని అర్జునుడి మీదే కసిరాడు.

ఆ అమ్మాయి కొంగులో నిమ్మకాయ పడింది. నా వైపు చూడలేదు, చూడాల్సిన పనీ లేదు. నా భార్యా అంతే. కొంగు పట్టి పైకి చూస్తే నేనున్న సంగతే మరిచిపోయేది. మా ఇద్దరికీ నమ్మకం పోయిన తర్వాత కూడా, అప్పటి ఆమె ముఖం చూడటానికే ఏటా తీసుకెళ్లేవాణ్ణి. ఆ సంగతి ఆమెకు ఎప్పుడూ చెప్పలేదు. వేడుక ఎవరి కోసం ఆగాలో నీడలో కూర్చున్నవాళ్లు తేలుస్తారు. కాలేది నేలమీద ఉన్నవాళ్లకు.

వెళ్లాలనుకునేవాళ్లకు ఒక మాట. పందిట్లో చోటిచ్చినా కూర్చోకండి. ఒక బిందె నీళ్లు పట్టుకుని మాను దగ్గర నిలబడండి.