ముక్కుల డ్యూయెట్

హాలీవుడ్ పక్కన బర్‌బ్యాంక్‌లో పాత మ్యూజికల్ సినిమాలను వీడియో క్యాసెట్లకు ఎక్కించే ఒక చిన్న కంపెనీలో వెర్నా హామ్‌స్ట్రమ్‌ది కిటికీ జరిపే ఉద్యోగం. వినడానికి వడ్రంగం పనిలా ఉంటుంది గానీ కాదు. వెనకటి మ్యూజికల్స్ ఈ చివర నుంచి ఆ చివరకు పరుచుకుని ఉంటాయి. ఒక కొసన హీరో, ఇంకో కొసన హీరోయిన్, మధ్యలో మందంత డాన్సర్లు. టీవీ చూస్తే బిస్కట్ డబ్బా అంత. అంత సినిమా అందులో పట్టదు కాబట్టి, టీవీ ఆకారపు కిటికీ ఒకటి బొమ్మ మీద అటూ ఇటూ జరుపుతూ, ఎవరిని ఉంచాలో ఎవరిని కోసెయ్యాలో ఒక మనిషి తేల్చాలి. ఆ మనిషి వెర్నా. సినిమాకు సగం ప్రాణం తీసే పనే, కాదనను. ఎలాగూ తీస్తారు కదా, ప్రేమ ఉన్న మనిషి తీస్తే నయమని ఆమె సర్దిచెప్పుకునేది.

పుట్టింది బేకర్స్‌ఫీల్డ్‌లో. తల్లి పండ్ల డబ్బాల ఫ్యాక్టరీకి పోతే, ఆ ఎండల్లో చల్లగా ఉండే చోటు సినిమా హాలే కాబట్టి పిల్ల అక్కడే పెరిగింది. పెద్దయ్యాక స్టూడియోలో టెలిఫోన్ ఆపరేటరుగా చేరి, తర్వాత తెల్ల చేతితొడుగులు వేసుకుని ఫిల్మ్ నెగెటివ్ ముక్కలు అతికే గదికి మారింది. పెళ్లీ విడాకులూ అక్కడే, ఒకే సౌండ్ ఇంజనీరుతో. ఆ గది మూసేశాక ఇక్కడ తేలింది.

ఈ పనిలో ఒక తప్పు ఉంది. ఇద్దరు చెరో కొసన కూర్చుని పాడుకుంటుంటే కిటికీని మధ్యలో వదిలేశారనుకోండి, టీవీలో ఖాళీ సోఫా కనిపిస్తుంది, ఎడమ నుంచి ఒక ముక్కు, కుడి నుంచి ఒక ముక్కు. ఆ ముక్కులే ప్రేమగా పాడుకుంటాయి. ఆ గదుల్లో దాన్ని ముక్కుల డ్యూయెట్ అంటారు. కొత్తగా చేరినవాళ్లు చేసి నవ్వులపాలవుతారు. వెర్నా ఎన్నడూ చెయ్యలేదు.

పంతొమ్మిది వందల ఎనభై ఎనిమిది వసంతంలో కాఫీ గది గుమ్మం ఆమె భుజానికి తగిలింది. మర్నాడు మళ్లీ తగిలింది. కంటి డాక్టరు చీకట్లో చుక్కలు వెలిగించి, ఆర్పి, గ్లకోమా అన్నాడు. “చూపు అంచులు పోయాయి. పోయినవి రావు. మందు చుక్కలు మానకుండా వేసుకుంటే మధ్యది మిగలచ్చు.” మిగులుతుంది అనలేదు, మిగలచ్చు అన్నాడు. ఆ రోజు నుంచి భయం ఆమెతో కాపురం పెట్టింది. కారు అమ్మేసింది. బస్సు దిగి ఆలివ్ అవెన్యూ దాటుతుంటే కార్లు ఎక్కడినుంచో కాదు, ఏమీ లేనిచోట నుంచి ఊడిపడేవి. పక్కన మనిషి పలకరిస్తే ఉలిక్కిపడేది. ఎవరికీ చెప్పలేదు.

టేపు యంత్రాలు చూసుకునే ఇనెస్ బరియోస్ మాత్రం గమనించింది. తన స్పానిష్ అలవాటు కొద్దీ, అమ్మగారూ అన్నట్టుగా, వెర్నాను దోన్యా అనేది.

“దోన్యా వెర్నా, ఆ గుమ్మం మీకేం అపకారం చేసిందండీ? వచ్చినప్పుడల్లా గుద్దుతున్నారు.”

“అదే నాకు అడ్డొస్తోంది. దాన్నడుగు.”

“కళ్లజోడు మార్పించుకోరాదూ?”

“నువ్వు ముందు మీ ఆయన్ని మార్చుకో, తర్వాత నా కళ్లజోడు సంగతి చూద్దాం.”

ఇనెస్ పడీ పడీ నవ్వింది. వెర్నా కూడా నవ్వుతూనే, కుర్చీ వీపును చేత్తో వెతికి పట్టుకుని కూర్చుంది.

ఉద్యోగం పోతుందన్నది ఆమె భయంలో చిన్న ముక్క. ఇంట్లో మనిషి లేడు, కనీసం పిల్లి లేదు. ఆ చీకటి గది, ఆ పాటలు, అవే ఆమెకు అయినవాళ్లు. అక్కడి నుంచి పంపేస్తే తను ఇంకేం చేసుకు బతకాలో ఆమెకు నిజంగా తెలియదు.

మరి పని ఎలా సాగింది అంటారా? ఆ పాత వెడల్పు సినిమాలకు శబ్దం కూడా వెడల్పుగానే పట్టేవారు. ఎడమ కొసన ఉన్న పిల్ల పాడితే గొంతు ఎడమ స్పీకర్లోంచే వచ్చేది. ఆ పిల్ల నడిచి కుడివైపు వస్తే గొంతు కూడా నడిచి వచ్చేది. వెర్నా చెవులతో చూడడం నేర్చుకుంది. గొంతు ఎటుంటే కిటికీ అటు. కంపెనీ యజమాని మిల్ట్ సేబో బయటివాళ్లను వెంటబెట్టుకొచ్చి, “చూశారా, మా వెర్నా తెరకేసి చూడనైనా చూడదు!” అని గొప్పలు పోయేవాడు. పాపం, తను చెప్పేది నిజమని అతనికి తెలియదు.

జూలైలో ఒక సినిమా వచ్చింది. దాని శబ్దపు పట్టీలు పొడిపొడిగా రాలిపోయాయట, గొంతులన్నీ ఒక్కదాంట్లో కలిపేసిన ట్రాకు పంపారు. పాట మొదలైంది. హీరో గొంతు మధ్యలోంచి వచ్చింది. హీరోయిన్ గొంతూ మధ్యలోంచే. వెర్నా టీవీ మీదికి వంగి చూసింది. ఆమెకు కనిపించినంతలో పూల సోఫా ఒకటుంది. తల అటూ ఇటూ తిప్పి వెతికేలోగా షాటు మారిపోతోంది. ఆపి వెనక్కి తిప్పుకోవచ్చు. కానీ వెర్నా ఆపదనీ, ఒక్క ఊపున చేసేస్తుందనీ పేరు. ఆపితే ఎందుకని అడుగుతారు. ఆ భయంతోనే ఆపలేదు.

యంత్రాల గది నుంచి మైకులో ఇనెస్ కేక వినిపించింది. “దోన్యా! ముక్కులు! అచ్చం ముక్కులే! నన్ను నవ్వించడానికా?”

“నీకోసమే చేశా” అంది వెర్నా. ఆ గొంతు ఆమెకే కొత్తగా ఉంది.

“బాగుంది గానీ ఇక దిద్దండి. అమ్మాయి మీదికి పోనివ్వండి.”

వెర్నా ఎడమకు జరిపింది. టీవీలో దీపం వచ్చింది. ఇంకా జరిపింది. కర్టెన్ వచ్చింది. మైకులో నవ్వు ఆగిపోయింది.

“దోన్యా, అమ్మాయి కుడివైపుంది” మెల్లగా అంది ఇనెస్. “కుడికి రండి. ఇంకొంచెం. ఆఁ, చాలు.” పాట అయ్యేదాకా అలాగే చెబుతూ పోయింది. అయ్యాక ఏమీ అడగలేదు. అడగకపోవడంతో వెర్నాకు ఇంకా భయమేసింది.

మర్నాడు మిల్ట్ రమ్మంటున్నాడని కబురొచ్చింది. ఇనెస్ చెప్పేసిందన్నమాట, అనుకుంది వెర్నా. నడవా గోడను వేళ్లతో తడుముకుంటూ వెళ్లింది. 

“కూర్చో, బంగారం. కిటికీ పని అయిపోయింది” అన్నాడు మిల్ట్.

“తెలుసు” అంది వెర్నా.

“నీకెవరు చెప్పారు? పొద్దున్నే కదా ఖాయమైంది! క్యాసెట్లు మానేసి లేజర్ డిస్కులు కొనే పిచ్చాళ్లకు సినిమా మొత్తం కావాలట. పైనా కిందా నల్ల పట్టీలు వేసి, ఈ చివర నుంచి ఆ చివరదాకా ఇచ్చేస్తాం. మన మ్యూజికల్స్ అన్నీ మళ్లీ మొదటినుంచి. ఎన్నాళ్లు తిట్టావు నన్ను, డాన్సర్ల కాళ్లూ చేతులూ నరికిస్తున్నానని!”

వెర్నాకు ఒక్క క్షణం ఏడుపొచ్చినంత సంతోషం కలిగింది. తను కోసేసిన వాళ్లందరూ తిరిగి వస్తున్నారు.

“అయితే ఒకటి” అన్నాడు మిల్ట్. “ఇన్నాళ్లూ ఎవరూ చూడని చోటు కదా, గీతలూ మరకలూ అతుకులూ అన్నీ ఆ అంచుల్లోనే ఉన్నాయి. మధ్యన ఏముందో నువ్వు పట్టించుకోకు. అంచులు మాత్రం చూడు. నీలాంటి కన్ను ఇంకెవరికుంది?”

సరే అనవచ్చు. ఇనెస్ పక్కన కూర్చుని చెబుతుంది, చెప్పమంటే చెబుతుంది. కానీ ఎన్నాళ్లు? గీతకు గొంతు ఉండదు, ఎటు ఉందో చెవికి తెలియదు. వెర్నా ఒడిలో చేతులు గట్టిగా పట్టుకుంది.

“మిల్ట్, నాకు అంచులు కనిపించవు.”

“ఎవరికి కనిపించాయి? మనమే కోసేశాంగా!”

“సినిమాలో కాదు. నా కళ్లకు. డాక్టరు చెప్పాడు.”

“వేళాకోళమా? నీ పని నేను చూడలేదా?”

“నేనే చూడలేదు. వింటూ చేశాను.”

మిల్ట్ కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. తర్వాత, మనవళ్లతో ఆడేవాడిలా, “సరే, చెప్పు చూద్దాం. ఎన్ని వేళ్లు?” అన్నాడు.

వెర్నా ఎదురుగా చూసింది. అతని ముఖం ఉంది. మీసం ఉంది. టై ముడి ఉంది.

“ఏ చెయ్యి, మిల్ట్?” అంది.