చిన్నాన్న క్యాసెట్ల అంగడి

మంగళవారం పొద్దున మా ఊరు బండ్రి నుంచి ఫోన్ వచ్చింది, చిన్నాన్న పోయాడని. ఊపిరి అందక చాన్నాళ్ళుగా అవస్థ పడుతున్న మనిషి కాబట్టి ఎవరూ ఆశ్చర్యపోలేదు. నేనూ ఆశ్చర్యపోలేదు. అదే నన్ను ఎక్కువ బాధపెడుతోంది.

మా వైపు ఇనుప గనుల జోరు మొదలైనప్పుడు ఆయన ఖనిజం లారీ నడిపాడు. దగ్గు ముదిరాక డాక్టరు ఒకటే మాట చెప్పాడు, మళ్ళీ ఆ దుమ్ములోకి పోతే బతకవని. అప్పుడే బళ్ళారిలో ఇరుకు గది ఒకటి తీసుకుని అంగడి పెట్టాడు. చేతిలో పట్టుకుని ఆడుకునే గేమ్ మిషన్లు, కావలసిన ఆటలు ఎక్కించి వాటిలో దూర్చే పాత క్యాసెట్లు ఆయన సరుకు. గనుల డబ్బు చూసిన ఇళ్ళలో పిల్లలందరి చేతుల్లోనూ ఆ మిషన్లే. ఆ అంగడి నిలిస్తే ఆయన నిలుస్తాడు. ఇంట్లో అందరికీ తెలిసిన లెక్క అది.

కానీ ఆయనకు అమ్మడం రాదు, పోల్చడం వచ్చు. మూడు రకాల క్యాసెట్లు వరసగా పెట్టి మొదలుపెట్టేవాడు.

“ఇది శానా పాతదప్పా. లోపల సన్న బ్యాటరీ ఉండాది. అది ఉన్నన్నాళ్ళు నువ్వు ఆట యాడ ఆపితే ఆడ్నే ఉంటాది. బ్యాటరీ పాయెనా, ఆడిందంతా పాయె. ఇదో, ఇది ఆపి మళ్ళా స్విచ్ వేస్తేనే గుర్తు పెట్టుకుంటాది, తొందరోళ్ళకు పనికిరాదు. ఈ మూడోది అన్నీ ఆడిస్తాది గానీ చార్జి తాగేస్తాది.”

“ఇట్లా చెప్తే ఎవరు కొంటారు చిన్నాన్నా?” అనేవాడిని.

“బ్రేకు సంగతి చెప్పకుండా లారీ అమ్ముతారేమప్పా?”

అమ్ముతారు. మా జిల్లాలో అందరూ అట్లాగే అమ్ముతారు. ఆ సంగతి ఎందుకో ఆయనకే తెలియలేదు.

ఆ ఏడు ఆయుధపూజకు అంగడి కడిగి, మామిడాకులు కట్టాడు. బాగుచేయమని పిల్లలు ఇచ్చిపోయిన క్యాసెట్లన్నీ పీట మీద పేర్చాడు. బొట్టు ఇంజనుకు పెట్టాలి గానీ బాడీకి కాదని లారీ రోజుల నుంచీ ఆయన పట్టుదల. అందుకని క్యాసెట్లను విప్పి, తడిగుడ్డతో తుడిచి, లోపలి ఇత్తడి రంగు పళ్ళకు తడి పసుపు, కుంకుమ అద్దాడు. కొబ్బరికాయ కొట్టి, నిమ్మకాయ కోసి, ఎంతో తృప్తిగా ఇంటికొచ్చాడు.

తడి లోపలికి దిగి, పండగ తర్వాత ఒక్క క్యాసెట్టూ పలకలేదు. పిల్లలు నెలల తరబడి ఆడి దాచుకున్నదంతా తుడిచిపెట్టుకుపోయింది. ఎవరూ గొడవ చేయలేదు. మళ్ళీ రాలేదు, అంతే.

“నాకు తెలిసిన పూజ లారీదే కదప్పా,” అన్నాడు చిన్నాన్న. కొన్నాళ్ళకు అంగడి మూసి, ముక్కుకు తువ్వాలు చుట్టుకుని మళ్ళీ లారీ ఎక్కాడు. వద్దని చిన్నమ్మ కాళ్ళు పట్టుకుంది. ఇంట్లో పొయ్యి వెలగాలంటే వేరే దారి మాకెవరికీ తోచలేదు. ఆ నిస్సహాయత మీద నాకు ఇప్పటికీ కోపమే.

బుధవారం పాడె ఊరి చివర రోడ్డు దగ్గర ఆగింది. ఖనిజం లారీల వరస తెగితే గానీ దాటలేం. ఆడవాళ్ళు అక్కడి వరకే వస్తారు. ఒక్కో లారీ పోయేకొద్దీ ఆయన మీద కప్పిన తెల్లగుడ్డ ఖనిజం దుమ్ముకు ఎర్రబడుతోంది. ముఖం ఉన్నచోట చిన్నమ్మ కొంగుతో తుడిచింది. ఇంకో లారీ పోయింది. మళ్ళీ తుడిచింది.