అద్దంలో పువ్వు

ఫొటోలు తీసే మా బావ మొన్న పోయాడు. నేను మణికొండలో వరి కోయిస్తుంటే కూకట్‌పల్లి నుంచి మనిషి వచ్చి, "మీ అక్క రమ్మంటున్నది. బావ ఇగ లేడు" అన్నాడు. నాకు చదువు తక్కువ. ఆయన గురించి నాలుగు మాటలు రాద్దామని కూర్చుంటే ఒకటే సంగతి అడ్డం వస్తున్నది. అదే రాస్తాను.

చిన్నప్పుడు అమ్మవారు పోసి నా ఎడమ కంట్లో పువ్వు పడింది. నల్లగుడ్డు మీద తెల్లటి మచ్చ. శుభకార్యానికి బయలుదేరినవాళ్లు నన్ను చూస్తే వెనక్కి పోయి, నీళ్లు తాగి మళ్లీ బయలుదేరుతారు. మా బావ మాత్రం పెళ్లి ఫొటోలకు నన్నే బండి కట్టమనేవాడు. ఎవరైనా మూతి విరిస్తే, "ఎదురొచ్చేటోడు బండ్లనే కూసుంటే ఇగ ఎదురెట్లొస్తడు?" అనేవాడు. కెమెరా మీది నల్లగుడ్డ కింద తల పెట్టి తనలో తాను గొణుక్కోవడం ఆయన అలవాటు. ఎదుట కూర్చున్నవాళ్లకు ఒకటే చెప్పేవాడు, "నవ్వకున్నా సరే, ఊపిరి బిగబట్టకుర్రి."

నిజాం రాజ్యం పోయిన ఏడాది, కోకాపేట బండల దారిలో కెమెరా బండి మీది నుంచి పడి ముందరి అద్దం పగిలింది. అద్దం లేకపోతే ఆయనకు పని లేదు. కొత్తది తెప్పించే తాహతూ లేదు. ఇద్దరం పట్నం పోయి పాత సామాన్ల బజారంతా వెతికితే, ఆ కెమెరాకు సరిపోయేది ఒక్కటే దొరికింది.

అమ్మేవాడు దాచలేదు. "ముందే చెప్తున్న. లోపల తెల్లగ మచ్చ ఉన్నది. కంట్ల పువ్వు పడ్డట్టు..." అంటూ నా మొహం చూసి ఆగిపోయాడు.

బావ అద్దాన్ని వెలుగుకు పెట్టి అటూ ఇటూ తిప్పాడు. నా దిక్కు మాత్రం చూడలేదు. నాకు మండింది.

"కొనకు బావా. పువ్వు పడ్డది ఎందుకు పనికొస్తది? పోదాం పా."

"నేను అద్దం సంగతి చూస్తుంటే, నువ్వు నీ సంగతి చెప్తవేంది?"

"రెండూ ఒకటే."

"ఒకటే అయితే ఫికర్ లేదు బామ్మర్దీ. నీ కన్ను బండి తోల్తలేదా?" అని అద్దాన్ని రుమాలులో కట్టుకున్నాడు.

పనికొస్తుందని కొన్నాడా? నన్ను పక్కన పెట్టుకుని వద్దనలేక కొన్నాడా? తర్వాత ఎప్పుడు అడిగినా, "జర బండి తోలు" అనేవాడు. ఎండలో తీస్తే ఫొటో తెల్లబారేది. గోడ నీడకు తీస్తే మొహాలు మెత్తగా వచ్చేవి. కొందరు పెళ్లివాళ్లు ఫొటోలు మొహాన కొట్టి పోయారు. ముడతలు కనబడవని ముసలమ్మలు వెతుక్కుంటూ వచ్చారు. మంచి జరిగిందో చెడు జరిగిందో నాకు తెగదు. దయతో కొన్నాడంటే నేను ఒప్పుకోను, ఒకరి దయ మీద బతికినవాణ్ణి కాదు. దయ కాదంటే మరి నా దిక్కు ఎందుకు చూడలేదు?

ఒకరోజు నన్ను నల్లగుడ్డ కిందికి పంపి, తాను పోయి కుర్చీలో కూర్చున్నాడు. ఆయన ఎట్లా చెబితే అట్లా అద్దం మూత తీసి మళ్లీ పెట్టాను. బావకున్న ఫొటో అదొక్కటే.

ఇవాళ దానికి దండ వేశారు. ఒక చెంప మీద పొగ కమ్మినట్టు తెల్లగా ఉంది. ఇదేందని చుట్టాలు అడుగుతున్నారు. తప్పు అద్దానిదో నాదో నాకే తెలియదు. అక్క ఆ పటం ఒళ్లో పెట్టుకుని, చెంప మీది తెలుపును కొంగుతో తుడుస్తున్నది. అది పోవడం లేదు. కొంగు మడిచి మళ్లీ తుడుస్తున్నది.